ఏ ముంపుకు ఏ జన్యువు: స్వర్ణ-సబ్1 మీద ఒక కేస్ స్టడీ

జులై, ఆగస్టుల్లో ఎర్రకాలువ పొంగిందంటే నిడదవోలు, తాడేపల్లిగూడెం వైపు పల్లపు చేలన్నీ మునుగుతాయి. అప్పటికి ఊడ్పులు అయ్యి పట్టుమని నెల కూడా కాదు. నాలుగైదు రోజుల్లో నీళ్లు దిగితే ఎంతో కొంత నిలబడుతుంది. వారం దాటిందంటే మాత్రం చేను కుళ్లు వాసన కొడుతుంది, రైతు మళ్లీ ఆకు (నారు) ఎక్కడ దొరుకుతుందా అని ఊళ్లు పట్టుకుని తిరుగుతాడు, దొరికినా ముదురు ఆకు, రేటు రెండింతలు. నేను వరి విత్తనం, ప్రదర్శన క్షేత్రాల పని చేస్తాను. ఈ చేలల్లో స్వర్ణ అనే వరి రకం పక్కనే, అదే స్వర్ణకు ముంపు తట్టుకునే సబ్1ఎ జన్యువు ఎక్కించిన స్వర్ణ-సబ్1 వేయించి చూశాను. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎక్కడ ఈ జన్యువు పనికిరాదు అన్నది ఒకచోట రాద్దామనిపించింది. "ముంపు తట్టుకునే రకం" అనే ఒక్క మాట మీద విత్తనం అమ్మేస్తున్నారు, కొనేస్తున్నారు. అందులో నష్టపోయేది రైతే.

ముందు చేను సంగతి. ఒక కౌలు రైతు పొలం, మురుగు కాలువ గట్టుకు ఆనుకుని ఉంటుంది, చుట్టుపక్కల చేలకన్నా పల్లం. నీళ్లు ముందు అక్కడికే వస్తాయి, అందరి చేలు ఆరాక చివరగా అక్కడి నుంచి పోతాయి. ఆయన ఏళ్లుగా స్వర్ణే వేస్తున్నాడు. మారమంటే మారనన్నాడు. అన్నం తనకు అలవాటు, ధాన్యం కొనేవాడికి అలవాటు, ఎరువు తక్కువైనా ఎంతో కొంత పండుతుంది, ఇవీ ఆయన కారణాలు. నాకు అవి సరైన కారణాలే అనిపించాయి. అందుకే కొత్త రకం ఏదో తెచ్చి పెట్టకుండా ఆయన స్వర్ణనే, ఒక్క జన్యువు తేడాతో, సగం చేలో వేయించాం. ఒకే రోజు ఆకుమడి పోసి, ఒకే రోజు ఊడ్చి, మధ్యలో ఒక గట్టు మాత్రం వదిలాం. పిలకలు వేసే దశలో వరద వచ్చింది. మొక్క కొనలు కూడా కనపడకుండా వారం దాటి మునిగింది, నీళ్లు బురద రంగులో ఉన్నాయి.

నీళ్లు దిగిన రోజు చూస్తే రెండు ముక్కలకూ పెద్ద తేడా లేదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఈ రోజే నిర్ణయం తీసేసుకుంటారు. రెండు వైపులా ఆకులు బురద పట్టి, పసుపు తిరిగి, నేలకు అంటుకుని ఉన్నాయి. నిజానికి స్వర్ణ ఉన్న వైపే మొక్కలు కాస్త పొడవుగా ఉన్నాయి, దూరం నుంచి చూసేవాడికి అదే మేలుగా కనిపిస్తుంది. ట్రాక్టరు పెట్టి దమ్ము చేసేద్దామని రైతు అన్నాడు, వారం ఆగమన్నాం. మొక్కలు పీకి, మొదలు చీల్చి చూశాం. సబ్1 వైపు దుబ్బుల్లో ఎక్కువ వాటికి మొవ్వు (లోపలి లేత చిగురు) తెల్లగా, గట్టిగా ఉంది. స్వర్ణ వైపు చాలా దుబ్బుల్లో మొవ్వు గోధుమ రంగుకు తిరిగి, వేలితో నొక్కితే మెత్తగా జారిపోతోంది. కొద్ది రోజులకు సబ్1 వైపు మధ్యలోంచి లేత ఆకు సూదిలా లేచింది. స్వర్ణ వైపు అక్కడక్కడ ఒక దుబ్బు తప్ప మిగతాదంతా ఖాళీ.

ఎందుకిలా అన్నది తెలియాలంటే మునిగిన మొక్క లోపల ఏం జరుగుతుందో చూడాలి. వాయువులు గాలిలో కదిలినట్టు నీళ్లలో కదలవు, సుమారు పదివేల రెట్లు నెమ్మదిస్తాయి. ఆక్సిజన్ లోపలికి సరిగా రాదు, మొక్క తయారుచేసే ఇథిలిన్ వాయువు బయటకు పోదు. లోపల ఇథిలిన్ పేరుకుపోతే మామూలు వరికి అది ఒక సంకేతం. జిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోను ప్రభావం పెరిగి, ఆకులు, కాండం నీళ్ల పైకి అందుకోవాలని గబగబా సాగుతాయి. బురద నీళ్లలో వెలుతురు లేదు కాబట్టి కొత్తగా ఆహారం తయారుకాదు, ఉన్న పిండిపదార్థమూ చక్కెరలూ ఈ సాగడానికే ఖర్చయిపోతాయి. నీళ్లు దిగేసరికి మొక్క పొడవుగా ఉంటుంది కానీ నిలబడే శక్తీ, కొత్త ఆకు వేసే నిల్వా ఉండవు. మన స్వర్ణ వైపు కనిపించిన పొడవు అదే.

సబ్1ఎ జన్యువు కూడా ఇథిలిన్‌కే మేలుకుంటుంది, కానీ ఇచ్చే ఆదేశం పూర్తిగా వేరు. ఇది వేరే జన్యువుల పనిని పెంచి తగ్గించే రకం ప్రొటీన్‌ను తయారుచేస్తుంది, ఆ ప్రొటీన్ ఇథిలిన్‌కు స్పందించే కుటుంబానికి చెందినది. దాని వల్ల ఎస్ఎల్ఆర్1, ఎస్ఎల్ఆర్ఎల్1 అనే ప్రొటీన్లు ఎక్కువగా పోగవుతాయి, అవి జిబ్బరెల్లిన్ మాట చెల్లకుండా అడ్డుపడతాయి. మొక్క సాగదు. కరువొస్తుందని తెలిసి గాదెకు తాళం వేసిన ఇల్లాలిలా ఉన్న నిల్వను కదపకుండా కూర్చుంటుంది, నీళ్లు పోయాక ఆ నిల్వతోనే చిగురు వేస్తుంది. నీళ్లు దిగాక వచ్చే రెండో దెబ్బ సంగతి చాలామందికి తెలియదు. అన్నాళ్లు నీడలో, ఆక్సిజన్ లేకుండా ఉన్న ఆకుకు ఒక్కసారిగా గాలి, ఎండ తగిలితే లోపల హానికర ఆక్సిజన్ రూపాలు పుట్టుకొస్తాయి, పైగా చుట్టూ తడి ఉన్నా ఆకు వాడిపోతుంది. సబ్1ఎ ఈ దశలోనూ, నీటి ఎద్దడి తర్వాత కోలుకోవడంలోనూ సాయపడుతుందని 2011లో జూలియా బెయిలీ-సెర్రెస్ అనే శాస్త్రవేత్త బృందం చూపించింది. ఒక చేను ఒకే సార్వాలో (ఖరీఫ్‌లో) మునిగి, తర్వాత బెట్టకు వస్తే ఈ గుణం అక్కరకొస్తుంది.

దీనికి సరిగ్గా ఎదురు పని చేసే జన్యువులు కూడా వరిలోనే ఉన్నాయి. నెలల తరబడి మీటర్ల లోతు నీళ్లు నిలిచే చోట పండే లోతునీటి వరిలో స్నార్కెల్1, స్నార్కెల్2 అనే జన్యువులను జపాన్ శాస్త్రవేత్తలు 2009లో గుర్తించారు. అవీ ఇథిలిన్‌కు స్పందించే అదే కుటుంబానివి. అవి కణుపులను సాగదీసి మొక్కను నీళ్లతోపాటు పైకి తీసుకెళ్తాయి. కొద్ది రోజుల్లో దిగిపోయే వరదలో సాగితే చావు, నెలల తరబడి నిలిచే నీళ్లలో సాగకపోతే చావు. అందుకే "ఏ ముంపు?" అని అడగకుండా జన్యువు గురించి మాట్లాడటం నాకు అర్థంలేని పనిగా కనిపిస్తుంది.

సబ్1 పుట్టిల్లు ఒడిశా. అక్కడి ధలపుట్టియా అనే నాటు రకం నుంచి ఎంపిక చేసిన ఎఫ్ఆర్13ఎ దీనికి మూలం. ముంపును బాగా తట్టుకుంటుందని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇర్రీ పరీక్షల్లో ఎప్పుడో తేలింది. కానీ ఎఫ్ఆర్13ఎ పొడుగ్గా పెరుగుతుంది, పడిపోతుంది, దిగుబడి తక్కువ. దాంతో సంకరం చేసి పొట్టి రకాలు తీశారు, అవి మునిగినా బతికాయి, అయినా రైతుల చేలల్లోకి వెళ్లలేదు. గింజ నచ్చలేదు, అన్నం నచ్చలేదు. ఈ ముక్క నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. జన్యువు చేతిలోనే ఉంది, పనిచేస్తోంది, అయినా ఏళ్ల తరబడి ఎవరికీ ఉపయోగపడలేదు.

1996లో కెనాంగ్ షు, డేవిడ్ మెకిల్ కలిసి ఈ గుణంలో పెద్ద భాగం 9వ క్రోమోజోమ్ మీద ఒకే చోట ఉందని తేల్చారు. 2006లో వాళ్లు, పమేలా రోనాల్డ్, జూలియా బెయిలీ-సెర్రెస్ తదితరులు అసలు జన్యువును గుర్తించి నేచర్ పత్రికలో ప్రచురించారు. సబ్1 అని పిలిచే ఆ చోట సబ్1ఎ, సబ్1బి, సబ్1సి అని పక్కపక్కనే మూడు జన్యువులున్నాయి. బి, సి సాగు వరి అంతటా ఉంటాయి. ఎ మాత్రం జపోనికా రకాల్లో లేదు, ఇండికాల్లోనూ కొన్నింటిలోనే ఉంది. ఉన్నవాటిలో కూడా రెండు రూపాలు, సబ్1ఎ-1, సబ్1ఎ-2. ముంపు తట్టుకునేది మొదటిదే. ప్రొటీన్‌లో ఒక అమైనో ఆమ్లం తేడా, మునిగినప్పుడు అది పనిచేసే స్థాయిలో తేడా. కాబట్టి "మా రకంలో సబ్1ఎ ఉంది" అని ఎవరైనా అంటే ఏ రూపం అని తిరిగి అడగండి.

ఇక స్వర్ణ. ఇది మన మారుటేరు వరి పరిశోధన స్థానం బిడ్డ, అసలు నంబరు ఎంటియు 7029. వశిష్ట, మసూరి సంకరంతో వచ్చి 1982లో విడుదలైంది. గోదావరి డెల్టా దాటి ఒడిశా, బెంగాల్, ఛత్తీస్‌గఢ్, బీహార్, బంగ్లాదేశ్ దాకా లక్షల ఎకరాల్లో పాతుకుపోయింది. వరదలొచ్చే ప్రాంతాల్లో కోట్లమంది తినే రకం కాబట్టే జన్యువును ఇందులోకి ఎక్కించాలని ఎంచుకున్నారు. ఆ పని మీద 2007లో వచ్చిన పరిశోధన పత్రానికి మొదటి రచయిత సి.ఎన్. నీరజ, మన రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్త. పద్ధతి చెప్పడానికి సులువు, చేయడానికి ఓపిక కావాలి. స్వర్ణను సబ్1 ఉన్న మొక్కతో సంకరం చేసి, వచ్చిన సంతానాన్ని మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలుపుతూ, ప్రతి తరంలో డీఎన్ఏ గుర్తులు చూసి మూడు వడపోతలు పోశారు. జన్యువు వచ్చిందా, దాని పక్కనున్న అక్కరలేని ముక్క తెగిందా, మిగతా అంతా స్వర్ణేనా. గుర్తులు లేకుండా కంటితో ఎంచుకుంటూ పోతే ఏళ్లు పట్టే పని మూడు వెనుక సంకరాల్లో తేలిపోయింది. ఇది జీఎం (జన్యుమార్పిడి) పంట కాదు, వరి నుంచి వరికి సంకరం ద్వారా వచ్చిన జన్యువు. రైతు సమావేశాల్లో ఈ ప్రశ్న ప్రతిసారీ వస్తుంది, భయపడాల్సింది ఏమీ లేదని అక్కడే చెప్పేయాలి.

కటక్, ఫైజాబాద్ లాంటి చోట్ల పరీక్షలయ్యాక 2009లో మన దేశంలో విడుదలైంది, 2010లో బంగ్లాదేశ్‌లో బ్రి ధాన్51 పేరుతో వెళ్లింది. ఒడిశాలో 128 ఊళ్లలో లాటరీ తీసినట్టు ఎంపిక చేసి విత్తనం ఇచ్చి చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. వరద లేని ఏడాది దిగుబడి తగ్గలేదు, పది రోజులు మునిగిన చేలో స్వర్ణ కంటే సుమారు 45 శాతం ఎక్కువ వచ్చింది. ఆ అధ్యయనంలో నన్ను బాగా తాకిన విషయం ఇంకోటి. మునిగే పల్లపు భూములు ఎక్కువగా దళితుల చేతుల్లో ఉన్నాయని, అందుకే ఈ విత్తనం మేలు కూడా వాళ్లకే ఎక్కువ చేరుతుందని తేలింది. మన దగ్గర కూడా మురుగు కాలువ పక్క చేను సొంతంగా చేసుకునే మోతుబరి అరుదు, అది కౌలుకే వెళ్తుంది. తర్వాత 2016లో వచ్చిన మరో అధ్యయనం ఇదే విత్తనం వేసిన రైతులు ఎరువు మీద ఎక్కువ పెట్టారని, వెదజల్లడం తగ్గించి ఊడ్పులకు వెళ్లారని, సాగు విస్తీర్ణం పెంచారని చూపించింది. మునిగిపోతుందనే టెన్షన్ తగ్గితే మనిషి చేను మీద ఖర్చు పెడతాడు, వరద రాని ఏడు కూడా ఆ లాభం ఉంటుంది. మన కౌలు రైతు తర్వాతి సార్వాకు రెండు ముక్కల్లోనూ సబ్1 వేసి, ఎప్పుడూ వేయని పొటాష్ కూడా వేశాడు. ఆ పేపరు ఆయన చదవలేదు.

జన్యువు ఒక్కటే అంతా చేసేస్తుందని అనుకుంటే నష్టపోతాం, యాజమాన్యం కూడా ఉండాలి. ఆకుమడిలో యూరియా దంచి పెంచిన ముదురుపచ్చ ఆకు ముంపులో ముందు చస్తుంది. నత్రజని ఎక్కువైతే మొక్క మెత్తగా ఉండి నిల్వ తక్కువగా ఉంటుంది కాబట్టి, ముంపు చేలకు వెళ్లే ఆకుకు నత్రజని అదుపులో పెట్టి భాస్వరం సరిగా వేయాలి. వరద సూచన ఉంటే పైపాటు యూరియా ఆపేయాలి. నీళ్లు దిగాక చేలో అటూ ఇటూ తొక్కకూడదు, బురద పట్టిన ఆకులను పీకకూడదు. యూరియా వెంటనే వేయొద్దు. లేత ఆకు కనిపించాక ఎకరాకు 15 నుంచి 20 కిలోల యూరియా, దాదాపు అంతే పొటాష్ వేస్తే పిలకలు పుంజుకుంటాయి. దుబ్బులు చీల్చి చూసేటప్పుడు గట్టు దగ్గరవి చూసి సరిపెట్టకండి, గట్టు దగ్గర లోతు తక్కువ కాబట్టి అక్కడ ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. మధ్యలోకి దిగి చూడాలి.

ఇంకో సంగతి, మునిగి కోలుకున్న చేను ఆలస్యంగా ఈనుతుంది. స్వర్ణే సుమారు 150 రోజుల పంట, దానికి ఇంకో వారం, రెండు వారాలు కలిస్తే కోత నవంబరు లోపలికి వెళ్తుంది, తుపాన్ల కాలం అది. దాళ్వా (రబీ) ఆకుమళ్లు కూడా వెనక్కి పోతాయి. ఒడిశా వానాధార పల్లపు భూముల్లో దాళ్వా గొడవ అంతగా ఉండదు, డెల్టాలో ఉంటుంది. అందుకే డెల్టా అంతటా స్వర్ణ-సబ్1 వేయమని నేను చెప్పను. ఏటా పిలకల దశలో మునిగే చేలకే అది. మిగతా పల్లపు చేలకు మారుటేరువే ఇంద్ర, అమర లాంటి రకాలున్నాయి, వాటి లెక్క వేరు.

ఇప్పుడు ఫెయిలైన చేల గురించి. ఉప్పుటేరు వైపు ఒక రైతు ఇదే విత్తనం ఒక దుకాణంలో "వరదలకు ఆగుతుంది" అని చెబితే కొని, కూలీలు దొరక్క నేరుగా వెదజల్లాడు. మరునాడే వాన పడి మడిలో నీళ్లు నిలిచాయి, గింజ మొలవలేదు. ఆ రైతు కోపంలో న్యాయం ఉంది, కానీ జన్యువు తప్పేమీ లేదు. సబ్1ఎ పెరిగిన మొక్కను కాపాడుతుంది, నీళ్ల కింద గింజ మొలవడం పూర్తిగా వేరే పని. దానికి విత్తనంలోని పిండి చక్కెరగా మారి మొలకకు అందుతూ ఉండాలి. మయన్మార్ రకం ఖావో హ్లాన్ ఆన్‌లో ఈ గుణం ఉంది, దాని వెనక ఓఎస్‌టీపీపీ7 అనే జన్యువు ఉందని 2015లో గుర్తించారు. వెదసాగు పెరుగుతున్న మన ప్రాంతానికి ఈ రెండూ ఒకే రకంలో కావాలి, ఆ దిశలో ఇర్రీలో పని జరిగింది. అదే వైపు మరో చేలో నీళ్లు మోకాలి లోతున నెల దాటి నిలిచాయి. మొక్క పూర్తిగా మునగలేదు, కానీ పిలకలు రాలేదు. అక్కడ సాగకుండా కూర్చోవడం లాభం కాదు, కాస్త పొడుగు కాండం ఉన్న రకమే నయం. సముద్రం పోటు నీళ్లు ఎక్కే చేలో ఉప్పు ఇంకో సమస్య. దానికి కేరళ పొక్కలి నుంచి వచ్చిన, 1వ క్రోమోజోమ్ మీది సాల్టాల్ భాగం కావాలి, సోడియం ఆకుల్లోకి ఎక్కకుండా చూసే జన్యువు అక్కడుంది.

కోత దశ వరదల సంగతి ఇంకా వేరు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు పండిన చేలు నేలకొరిగాయి, కోసిన పనలు తడిశాయి, కంకిలోనే మొలకలు వచ్చాయి. అప్పుడు సబ్1 ఉన్నా లేకపోయినా ఒకటే. అక్కడ కావాల్సింది పడిపోని కాండం, కోతయ్యాక కొన్నాళ్లు మొలకెత్తని నిద్రావస్థ. టీవీలో పిలకల దశ ముంపునూ, కోత దశ ముంపునూ "వరదకు వరి నష్టం" అనే ఒకే మాటతో చెప్తారు, దుకాణంలో రెండింటికీ ఒకే సంచి చూపిస్తారు.

2025 మే నెలలో కేంద్రం ప్రకటించిన జన్యు సవరణ వరి రకాల్లో పూసా డీఎస్‌టీ రైస్ 1 కూడా మన మారుటేరు రకం ఎంటియు 1010 మీదే చేశారు. అందులో డీఎస్‌టీ అనే జన్యువు పనిని ఆపారు. ఆ జన్యువు పనిచేయకపోతే ఆకు రంధ్రాలు ఎక్కువ మూసుకుని నీటి ఖర్చు తగ్గుతుంది, బెట్టను, ఉప్పును తట్టుకునే శక్తి పెరుగుతుంది. దాని గురించి కూడా "అన్నిటికీ తట్టుకుంటుంది" అనే ప్రచారం మొదలైంది. ముంపుకు అది మందు కాదు. ఆ రకం చేలల్లోకి వచ్చే రోజున కూడా ఏ నేల, ఏ నెల బెట్ట, ఎంత ఉప్పు అని అడిగే ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

విత్తనం గుర్తుపట్టడం గురించి ఒక మాట. స్వర్ణ వడ్లు ముదురు బంగారు, గోధుమ ఛాయలో ఉంటాయి. సబ్1తో పాటు 9వ క్రోమోజోమ్ మీద ఆ పక్క ముక్క కూడా వచ్చింది కాబట్టి స్వర్ణ-సబ్1 వడ్లు గడ్డి రంగులో, లేతగా ఉంటాయి. బియ్యంలో తేడా లేదు. ఈ రంగు చూసి మొదట్లో ఒక కొనుగోలుదారు "ఇది స్వర్ణ కాదు" అని ధర తగ్గించబోయాడు, ఆడించి చూపిస్తే ఒప్పుకున్నాడు. కానీ విత్తనం కొనేవాడికి ఇదే రంగు మంచి సాయం. సంచిలో ముదురు గింజలు కలిసి కనిపిస్తే అది కల్తీ, ఆ ముదురు గింజల మొక్కలు వరదలో పోతాయి. సొంత విత్తనం దాచుకునేవాళ్లు ఈనిక తర్వాత చేలో తిరిగి ముదురు రంగు కంకులను కోసి పక్కన పెట్టాలి. మన కౌలు రైతు ఇప్పుడు అలాగే చేస్తున్నాడు, పక్క చేలవాళ్లు ఆయన దగ్గరే విత్తనం మార్చుకుంటున్నారు.

వచ్చే సార్వాకు నన్ను విత్తనం అడిగేవాళ్లు దయచేసి నాలుగు సంగతులు రాసి పంపండి. మీ చేను ఏ నెలలో మునుగుతుంది, మొక్క కొన కనిపిస్తుందా లేదా, నీళ్లు ఎన్ని రోజులకు దిగుతాయి, ఊడుస్తారా వెదజల్లుతారా. ఉప్పు నీళ్లు ఎక్కే చేనైతే అదీ చెప్పండి. ఇవి తెలియకుండా నేను ఏ రకం పేరూ చెప్పను.